లింక్ లన్నీ బాగానే ఉన్నా ప్యాకెట్ ఎందుకు పోయింది? బీజీపీ లేబుల్ మోడ్ గురించి వివరంగా

ఈసారి ఫోన్ రివ్యూ లేదు, కెమెరా శాంపిల్స్ కూడా లేవు. ఫోన్ లో సిగ్నల్ ఫుల్ గా ఉంటుంది, నెట్ మాత్రం రాదు. మీ అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇలా జరిగే ఉంటుంది. వెంటనే ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేస్తాం, రీస్టార్ట్ చేస్తాం, సిమ్ తీసి చొక్కాకి తుడిచి మళ్ళీ పెడతాం. ఒక్కోసారి తప్పు ఫోన్ దీ కాదు, టవర్ దీ కాదు. ఆ టవర్ వెనక ఎక్కడో ఉన్న రౌటర్ లో ఎవరో ఒక లైన్ మార్చి ఉంటారు. ఒకసారి ఆ మార్చింది నేనే.

మాది తాడేపల్లిగూడెం. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. రౌటర్లకి కాన్ఫిగరేషన్ పంపే పైథాన్ స్క్రిప్ట్ లు రాయడం నా పని. ఒక నెట్‌వర్క్ లో (పేరు చెప్పను) లేబుల్స్ ఎక్కువగా ఖర్చవుతున్నాయి, తగ్గించాలి అని ఒక టికెట్ వచ్చింది. డాక్యుమెంట్ చదివితే పరిష్కారం ఒక్క లైన్: లేబుల్ మోడ్ పర్-విఆర్ఎఫ్. ల్యాబ్ లో పెట్టి చూశా, పని చేసింది. సాయంత్రం ఏడు దాటాక స్క్రిప్ట్ రన్ చేశా. నిమిషం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. ఒక కస్టమర్ బ్రాంచ్ లు అన్నీ ఒకేసారి పోయాయి. మా డ్యాష్‌బోర్డ్ చూస్తే అన్ని లింక్ లూ అప్, బీజీపీ సెషన్లన్నీ ఎస్టాబ్లిష్డ్, రౌటర్ నుంచి రౌటర్ కి పింగ్ వెళ్తోంది. ఎక్కడా ఎర్ర చుక్క లేదు. కంగారు పడి పాత కాన్ఫిగ్ కి రోల్‌బ్యాక్ కొట్టా. అప్పటికి కోలుకుంటున్న బ్రాంచ్ లు మళ్ళీ పోయాయి!

ఎందుకలా జరిగిందో నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అదే ఇవాళ్టి ఆర్టికల్.

ఒకే తీగ, వేరు వేరు మనుషులు

మన ఏలూరు, గూడెం వైపు కరెంటు స్తంభాల మీద వెళ్ళే ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చూసే ఉంటారు. 2017 డిసెంబర్ 27 న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఒకే ఫైబర్ మీద అన్నది అప్పట్లో పెద్ద వార్త. ఒకే తీగ మీద చాలా రకాల ట్రాఫిక్ నడపడం ఇప్పుడు ఏ ప్రొవైడర్ కైనా మామూలే.

ఇక్కడే ఒక చిక్కుంది. కైకలూరు లో ఒక బ్యాంక్ ఏటీఎం ఉందనుకోండి. ఆకివీడు లో ఒక చేపల ఎగుమతి ఆఫీస్ ఉందనుకోండి. ఇద్దరూ లోపల 10.1.1.0 అనే నెట్‌వర్క్ నే వాడుతున్నారు. ప్రైవేట్ అడ్రస్ కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఇద్దరూ వచ్చి తగులుకునేది ఏలూరు లో ఉన్న ఒకే ప్రొవైడర్ రౌటర్ కి. మరి ఏటీఎం ప్యాకెట్ చేపల ఆఫీస్ కి పోకుండా ఎలా?

అందుకోసం ఆ రౌటర్ లోపల కస్టమర్ కి ఒకటి చొప్పున విడివిడి రూటింగ్ టేబుల్స్ ఉంటాయి. దాన్నే విఆర్ఎఫ్ అంటారు. కస్టమర్ రౌటర్ ని సీఈ అని, దానికి ఎదురుగా ఉండే ప్రొవైడర్ రౌటర్ ని పీఈ అని అంటారు. "నా దగ్గర ఫలానా కస్టమర్ కి చెందిన ఫలానా నెట్‌వర్క్ ఉంది, దానికి పంపాలంటే ఈ లేబుల్ అతికించి నాకు పంపు" అని ఒక పీఈ ఇంకో పీఈ కి చెప్పేది బీజీపీ.

చిన్న ముచ్చట. బీజీపీ ని 1989 లో యాకవ్ రెక్టర్, కర్క్ లౌహీడ్ భోజనాల బల్ల దగ్గర న్యాప్‌కిన్ల మీద గీశారు. 2006 లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4364, అంటే మనం చెప్పుకుంటున్న వీపీఎన్ పద్ధతి, దాని మీద ఉన్న రెండు పేర్లలో ఒకటి అదే రెక్టర్ ది. రెండోది ఎరిక్ రోజెన్.

ఉల్లిపాయల బస్తాతో చెప్తా

లేబుల్ అంటే ఐపీ ప్యాకెట్ ముందు అతికించే 32 బిట్ల చీటీ. అందులో 20 బిట్లు లేబుల్ నంబర్ కి, 3 ప్రయారిటీ కి, 1 "ఇదే ఆఖరి చీటీ" అని చెప్పడానికి, 8 టీటీఎల్ కి. వీపీఎన్ ప్యాకెట్ కి మామూలుగా రెండు చీటీలు ఉంటాయి. పైది ఏ పీఈ దాకా వెళ్ళాలో చెప్తుంది. లోపలిది ఆ పీఈ కి చేరాక ఏం చెయ్యాలో చెప్తుంది. మన గొడవంతా ఈ లోపలి చీటీ గురించే.

మా గూడెం ఉల్లిపాయల మార్కెట్ ఊహించుకోండి. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు దిగుతుంటాయి. పై లేబుల్ అంటే లారీ అన్నమాట, సరుకుని గూడెం దాకా తెస్తుంది. లోపలి లేబుల్ అంటే బస్తా మీద వేసే గుర్తు. ఆ గుర్తు మూడు రకాలుగా వెయ్యొచ్చు (నిజంగా అక్కడ ఇలాగే వేస్తారని కాదు, ఉదాహరణ కోసం).

మొదటిది, ప్రతి ఊళ్ళో ప్రతి చిల్లర కొట్టుకీ ఒక విడి నంబర్. హమాలీ నంబర్ చూస్తాడు, ఆ బస్తా ఏ బండిలో పడాలో అతనికి తెలుసు, విసిరేస్తాడు. లోపల చీటీ ఎవరూ చదవక్కర్లేదు. కాకపోతే వేల నంబర్లు గుర్తుపెట్టుకోవాలి. ఇది పర్-ప్రిఫిక్స్.

రెండోది, యార్డ్ నుంచి బయటికి వెళ్ళే ఒక్కో బండికీ ఒక నంబర్. ఉండి బండికి ఒకటి, గణపవరం బండికి ఒకటి. హమాలీ బస్తాని ఆ బండిలో వేస్తాడు, ఏ కొట్టుకి దించాలో బండి వాడు చూసుకుంటాడు. ఇది పర్-సీఈ. కొందరు పర్-నెక్స్ట్‌హాప్ అని కూడా అంటారు.

మూడోది, ఒక్కో వ్యాపారికీ ఒక నంబర్. బస్తా ఆ వ్యాపారి కొట్టు ముందు పడుతుంది. గుమాస్తా చీటీ విప్పి, అడ్రస్ చదివి, ఏ బండిలో వెయ్యాలో అప్పుడు చెప్తాడు. ఇది పర్-విఆర్ఎఫ్. నంబర్లు చాలా తక్కువ, కానీ ప్రతి బస్తాకీ గుమాస్తా ఒకసారి చదవాలి. అంటే లేబుల్ తీసేశాక రౌటర్ ఐపీ లుకప్ ఒకటి అదనంగా చెయ్యాలి.

లెక్క చూద్దాం. ఒక పీఈ మీద 300 మంది కస్టమర్లు, ఒక్కొక్కరికి 4 సీఈ లు, ఒక్కో విఆర్ఎఫ్ లో ఆ సీఈ ల నుంచి వచ్చిన 1,000 రూట్లు అనుకుంటే పర్-ప్రిఫిక్స్ లో 3,00,000 లేబుల్స్ కావాలి. పర్-సీఈ లో 1,200. పర్-విఆర్ఎఫ్ లో 300. వేరే పీఈ ల నుంచి నేర్చుకున్న రూట్లకి మామూలుగా ఈ పీఈ లేబుల్ ఇవ్వదు, తన సొంత కస్టమర్ల రూట్లకే ఇస్తుంది. కాబట్టి లెక్క వేసేటప్పుడు మొత్తం టేబుల్ సైజ్ చూసి భయపడకండి.

20 బిట్లు అంటే 10,48,576 నంబర్లు. అందులో 0 నుంచి 15 దాకా ప్రత్యేక పనులకి రిజర్వ్ చేశారు. మరి 3 లక్షలు అయితే ఏమైంది, ఇంకా ఉన్నాయి కదా అంటారా? పేపర్ మీద ఉన్న నంబర్లు వేరు, చిప్ లోపల ఉన్న మెమరీ వేరు. 2014 ఆగస్టు 12 న ఇంటర్నెట్ రూటింగ్ టేబుల్ 5,12,000 దాటినప్పుడు, డీఫాల్ట్ గా అంతవరకే చోటు ఉన్న పాత రౌటర్లు ప్రపంచంలో చాలా చోట్ల కుదేలయ్యాయి. 512కే డే అని వెతికితే కథలు దొరుకుతాయి. అది లేబుల్స్ గొడవ కాదు, ఐపీ రూట్ల గొడవ. కానీ హార్డ్‌వేర్ నిండితే ఏమవుతుందో తెలియడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇప్పుడు ఐపీవీ4 టేబుల్ సుమారు 10 లక్షల రూట్లు. కొందరు ప్రొవైడర్లు మొత్తం ఇంటర్నెట్ టేబుల్ నే ఒక విఆర్ఎఫ్ లో పెడతారు. అక్కడ పర్-ప్రిఫిక్స్ వదిలేస్తే ఏం జరుగుతుందో మీరే లెక్క కట్టుకోండి.

కొల్లేరు అడ్డం వస్తే

నంబర్ల లెక్క ఒక్కటే అయితే అందరూ పర్-విఆర్ఎఫ్ పెట్టేసి పడుకోవచ్చు. అసలు తేడా లింక్ తెగినప్పుడు కనపడుతుంది. అందుకే నా ల్యాబ్ కి మన ఊళ్ళ పేర్లే పెట్టుకున్నా.

మ్యాప్ చూడండి. ఏలూరు కి, కైకలూరు కి మధ్యలో కొల్లేరు. 2024 సెప్టెంబర్ లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆ నీళ్ళు చివరికి కొల్లేరు లోకే వచ్చాయి. అక్కడి నుంచి సముద్రం లోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అలాంటి చోట కైకలూరు బ్రాంచ్ కి ఒకే లింక్ ఇస్తే ఎలా? కాబట్టి ల్యాబ్ లో కైకలూరు సీఈ కి రెండు లింక్ లు ఇచ్చా. ఒకటి సరస్సు మీదుగా ఏలూరు పీఈ కి. రెండోది ఆకివీడు, భీమవరం చుట్టూ తిరిగి గూడెం పీఈ కి. అవతల విజయవాడ లో ఇంకో పీఈ, హెడ్ ఆఫీస్ అక్కడ ఉందనుకుందాం. విజయవాడ మామూలుగా ఏలూరు మీదుగా పంపుతుంది.

ఇప్పుడు సరస్సు మీదుగా ఉన్న లింక్ తెగింది. ఏలూరు కి వెంటనే తెలిసింది, కానీ బీజీపీ ఆ వార్త విజయవాడ దాకా మోసుకెళ్ళడానికి కొంత టైమ్ పడుతుంది. ఆలోపు విజయవాడ పాత లేబుల్ తోనే ఏలూరు కి పంపిస్తూ ఉంటుంది.

ఏలూరు లో పర్-సీఈ ఉంటే ఆ లేబుల్ కి అర్థం "కైకలూరు లింక్ లో వెయ్యి" అని. లింక్ లేదు, ప్యాకెట్ డ్రాప్. పర్-ప్రిఫిక్స్ అయినా అంతే, బ్యాకప్ దారి ముందే రాసి పెట్టే బీజీపీ పిక్ లాంటి ఫీచర్ ఆన్ చేసి ఉంటే తప్ప. పర్-విఆర్ఎఫ్ ఉంటే మాత్రం లేబుల్ కి అర్థం "విప్పి చదువు" అని. ఏలూరు చదువుతుంది, తన టేబుల్ లో గూడెం దారి కనపడుతుంది, గూడెం లేబుల్ అతికించి అటు పంపేస్తుంది. గుమాస్తా ఉన్నందుకు లాభం ఇది.

దీనికి ఒక షరతు ఉంది. ఏలూరు, గూడెం పీఈ లకి ఆ కస్టమర్ విఆర్ఎఫ్ లో వేరు వేరు ఆర్‌డీ ఇవ్వాలి. రెండింటికీ ఒకటే ఇస్తే మధ్యలో ఉన్న రూట్ రిఫ్లెక్టర్ కి రెండు రూట్లూ ఒకటే అనిపించి, మంచిది అనుకున్న ఒక్కదాన్నే పంచుతుంది. రెండో దారి ఉన్న సంగతే అవతలి వాళ్ళకి తెలియదు. చాలా మంది ఇక్కడ తప్పు చేస్తారు.

ఇప్పుడు ఇంకో రకం. లింక్ కాదు, కైకలూరు లో సీఈ రౌటర్ కే కరెంట్ పోయింది. ఏలూరు అనుకుంటుంది "గూడెం దగ్గర దారి ఉంది" అని. గూడెం అనుకుంటుంది "ఏలూరు దగ్గర దారి ఉంది" అని. రెండూ పర్-విఆర్ఎఫ్, రెండూ విప్పి చదివి ఒకరికొకరు పంపుకుంటాయి. బీజీపీ రూట్ వెనక్కి తీసుకునే దాకా, లేదా టీటీఎల్ అయిపోయే దాకా ప్యాకెట్ ఏలూరు, గూడెం మధ్య బంతిలా తిరుగుతుంది. పర్-సీఈ అయితే గూడెం చేరగానే డ్రాప్ అయిపోయేది, ఈ తిరుగుడు ఉండేది కాదు.

కాసేపే కదా అంటారేమో. కానీ ఈఐబీజీపీ మల్టీపాత్ ఆన్ చేసి ఉంటే అన్నీ బాగున్నప్పుడు కూడా ఇలా జరగొచ్చు. ఎందుకంటే అప్పుడు సొంత లింక్, పక్క పీఈ దారి రెండూ సమానమే. ఏలూరు సగం ట్రాఫిక్ ని గూడెం కి పంపుతుంది, గూడెం అందులో కొంత మళ్ళీ ఏలూరు కి పంపుతుంది. అందుకే సిస్కో డాక్యుమెంట్స్ లో ఈ రెండూ కలిపి వాడొద్దని రాసి ఉంటుంది. నా స్క్రిప్ట్ ఈ చెక్ కూడా చెయ్యలేదు. ఆ రోజు ఆ ఒక్కటీ అదృష్టం కొద్దీ తప్పింది.

నా ఓటు ఎటు అంటే, రెండు పీఈ ల మధ్య లోడ్ పంచాల్సిన అవసరం లేని మామూలు కస్టమర్ కి పర్-విఆర్ఎఫ్. లోడ్ పంచాలంటే పర్-సీఈ, లేదా రూట్లు తక్కువైతే పర్-ప్రిఫిక్స్. ఇంటర్నెట్ టేబుల్ ఉన్న విఆర్ఎఫ్ లో పర్-ప్రిఫిక్స్ అస్సలు వద్దు. అదనపు లుకప్ వల్ల స్లో అవుతుందేమో అన్న భయం ఇప్పటి చిప్ లతో పెద్దగా లేదు. కొన్ని పాత బాక్స్ లలో మాత్రం ప్యాకెట్ లోపలే రెండో రౌండ్ తిరగాల్సి వచ్చేది.

ఏ రౌటర్ లో ఎక్కడ పెట్టాలి

కమాండ్ లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ లోనే కొట్టాలని మీకు వేరే చెప్పక్కర్లేదు.

సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్ లో రౌటర్ బీజీపీ కిందకి వెళ్ళి, ఆ కస్టమర్ విఆర్ఎఫ్ కింద, అడ్రస్-ఫ్యామిలీ ఐపీవీ4 యూనికాస్ట్ కింద "లేబుల్ మోడ్ పర్-విఆర్ఎఫ్" లేదా "లేబుల్ మోడ్ పర్-సీఈ" అని ఇవ్వాలి. ఏమీ ఇవ్వకపోతే పర్-ప్రిఫిక్స్ లో ఉంటుంది. మామూలు ఐఓఎస్, ఎక్స్ఈ లో అయితే ఇది బీజీపీ కింద ఉండదు, గ్లోబల్ గా "ఎంపీఎల్ఎస్ లేబుల్ మోడ్" తో మొదలయ్యే కమాండ్ ఉంటుంది. అందులో ఒక విఆర్ఎఫ్ పేరు ఇవ్వొచ్చు, ఆల్-విఆర్ఎఫ్స్ అని కూడా ఇవ్వొచ్చు. ఈ రెండోది చూడగానే చెయ్యి లాగేస్తుంది. నా స్క్రిప్ట్ చేసింది కూడా అదే టైపు పని, అన్నిటికీ ఒకేసారి.

జూనిపర్ లో డీఫాల్ట్ నెక్స్ట్‌హాప్ కి ఒక లేబుల్. పర్-విఆర్ఎఫ్ కావాలంటే రూటింగ్ ఇన్‌స్టాన్స్ కింద "విఆర్ఎఫ్-టేబుల్-లేబుల్" పెడతారు. నోకియా లో డీఫాల్టే పర్-విఆర్ఎఫ్. అంటే ఒకే నెట్‌వర్క్ లో మూడు కంపెనీల బాక్స్ లు ఉంటే, ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా మూడు రకాల ప్రవర్తన ఉంటుంది. ఏ మోడ్ అనేది లేబుల్ ఇచ్చిన పీఈ సొంత విషయం, అవతలి పీఈ కి కేవలం ఒక నంబర్ వస్తుంది. కాబట్టి కలిసి పని చేస్తాయి, ఆ సంగతి మాత్రం మీకు తెలిసి ఉండాలి.

ఆ రోజు అసలేం జరిగింది

మోడ్ మార్చగానే రౌటర్ ఆ విఆర్ఎఫ్ కి ఇచ్చిన పాత లేబుల్స్ అన్నీ వదిలేసి కొత్తది తీసుకుంది. ఆ కొత్త నంబర్ ని బీజీపీ ద్వారా అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. కానీ అవతలి పీఈ లకి అది చేరి, వాటి హార్డ్‌వేర్ లో రాసుకునే దాకా అవి పాత నంబర్ తోనే పంపుతున్నాయి. ఇక్కడ పాత నంబర్ కి అర్థం లేదు. గుర్తు తెలియని బస్తాని హమాలీ పక్కన పడేసినట్టు రౌటర్ ప్యాకెట్ ని పడేసింది.

ఇందులో లింక్ ఏదీ తెగలేదు, బీజీపీ సెషన్ ఏదీ పడలేదు. అందుకే డ్యాష్‌బోర్డ్ లో ఏమీ కనపడలేదు. మేము పింగ్ చేసింది పీఈ నుంచి పీఈ కి, అది పై లేబుల్ తో మాత్రమే వెళ్తుంది. లోపలి లేబుల్ ని పరీక్షించే పింగ్ మా దగ్గర ఒక్కటీ లేదు. రోల్‌బ్యాక్ కొట్టినప్పుడు పర్-ప్రిఫిక్స్ కి మళ్ళీ వేరే కొత్త నంబర్లు, మళ్ళీ అదే తంతు. నేను చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఒక్కసారితో పోయేది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి వేరు. ఒక పీఈ, అందులో ఒక్క విఆర్ఎఫ్ తీసుకుంటా. కస్టమర్ కి రెండు పీఈ లు ఉంటే, మార్చబోయే పీఈ నుంచి వచ్చే రూట్ల లోకల్ ప్రిఫరెన్స్ తగ్గిస్తా, ట్రాఫిక్ పక్క పీఈ కి జరిగిందని ఇంటర్‌ఫేస్ కౌంటర్ లో చూస్తా, అప్పుడు మోడ్ మారుస్తా. లేబుల్స్ అన్ని చోట్లా కుదురుకున్నాక ప్రిఫరెన్స్ మామూలు చేస్తా. ఒకే లింక్ ఉన్న కస్టమర్ కి ఈ సౌకర్యం లేదు, ముందే చెప్పి అర్ధరాత్రి చెయ్యాల్సిందే. విఆర్ఎఫ్ లోపలి నుంచి కస్టమర్ అడ్రస్ కి ఒక పింగ్ ఎప్పుడూ నడుస్తూ ఉండేలా మానిటరింగ్ లో పెట్టా.

ఇంట్లో ట్రై చెయ్యాలంటే

లక్షలు పెట్టి రౌటర్ కొనక్కర్లేదు. లైనక్స్ ఉన్న ల్యాప్‌టాప్, దాని మీద ఎఫ్ఆర్ఆర్ అనే ఉచిత రూటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. 8 జీబీ ర్యామ్ లో నా నాలుగైదు కంటైనర్లు హాయిగా నడుస్తున్నాయి.

మొదట ఎంపీఎల్ఎస్ రౌటర్, ఎంపీఎల్ఎస్ ఐపీటనల్ అనే రెండు కర్నెల్ మాడ్యూల్స్ లోడ్ చెయ్యాలి. తర్వాత సిస్‌కంట్రోల్ లో ప్లాట్‌ఫామ్ లేబుల్స్ విలువ పెంచాలి. డీఫాల్ట్ గా అది 0! అంటే లైనక్స్ ఒక్క లేబుల్ ని కూడా ఒప్పుకోదు. కాన్ఫిగ్ అంతా కరెక్ట్ గా ఉన్నా ఏమీ కదలక నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నది ఇక్కడే. 1,00,000 పెట్టండి, సరిపోతుంది. ప్రతి ఇంటర్‌ఫేస్ కి ఎంపీఎల్ఎస్ ఇన్‌పుట్ 1 చెయ్యడం కూడా మర్చిపోకండి.

ఎఫ్ఆర్ఆర్ లో విఆర్ఎఫ్ బీజీపీ కింద "లేబుల్ వీపీఎన్ ఎక్స్‌పోర్ట్ ఆటో" ఇస్తే పర్-విఆర్ఎఫ్ లేబుల్ వస్తుంది. కొత్త వెర్షన్లలో అదే చోట "అలొకేషన్-మోడ్ పర్-నెక్స్ట్‌హాప్" కూడా ఉంది. ముందు మొదటిది పెట్టి "షో ఎంపీఎల్ఎస్ టేబుల్" చూడండి, తర్వాత రెండోదానికి మార్చి మళ్ళీ చూడండి. నంబర్లు మారడం కళ్ళ ముందే కనపడుతుంది. మార్చేటప్పుడు కైకలూరు కి సెకను లో పదోవంతుకి ఒకటి చొప్పున పింగ్ నడపండి. నా ల్యాబ్ లో ఒక్కోసారి రెండు మూడు పోతాయి, ఒక్కోసారి ఒక్కటీ పోదు. నాలుగు రూట్లు ఉన్న ల్యాబ్ లో పోనివి వేల రూట్లు ఉన్న చోట పోతాయని నాకు ముందు తట్టలేదు.

ఇంకో సరదా పని. ల్యాప్‌టాప్ లో ఎంటీఆర్ అనే టూల్ ని మైనస్ ఈ ఆప్షన్ తో రన్ చేస్తే, దారిలో కొన్ని రౌటర్లు తమ లేబుల్ నంబర్ బయటపెడతాయి. అన్నీ చెప్పవు, చాలా ప్రొవైడర్లు దాచేస్తారు. దొరికితే మాత్రం నంబర్ చూసి బాక్స్ ఏ కంపెనీ దో ఊహించొచ్చు. 24,000 దాటి దగ్గర్లో ఉంటే సిస్కో ఎక్స్‌ఆర్ అయ్యుండొచ్చు, ఎందుకంటే అది మామూలు లేబుల్స్ ని అక్కడి నుంచే మొదలుపెడుతుంది. 2,99,776 చుట్టుపక్కల ఉంటే జూనిపర్. మా ఇంటి నుంచి ట్రై చేస్తే మూడో హాప్ దగ్గర 24 వేల చిల్లర కనపడింది.